చెన్నకేశవాచారి కంటికి పట్టిన పురుడు

ఆళ్ళగడ్డలో చెన్నకేశవాచారికి మేక కన్ను పెట్టారని చెప్పుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. మరికొందరు ఇంకొంత ఉదారంగా, చనిపోయిన పోలీసువాని కన్ను అంటారు. అందుకే ఆయన చూపు అంత అనుమానంగా ఉంటుందట. రెండూ శుద్ధ అబద్ధాలు. కంట్లో సున్నం పడకముందు కూడా ఆయన చూపు అంత అనుమానంగానే ఉండేది. ఆసుపత్రివారిచ్చిన కాగితాలన్నీ వరుస తప్పకుండా, చెదలు పట్టకుండా భద్రంగా ఉన్నాయి. వాటిలో మేక ప్రసక్తి గాని పోలీసు ప్రసక్తి గాని ఎక్కడా లేదు. ఉన్నది ఒక పసిబిడ్డ ప్రసక్తి. చదవడం వచ్చి కూడా చదవనివారికి ఏమి చెప్పగలం?

చెన్నకేశవాచారి రాతిపని వంశంలో పుట్టాడు. తండ్రి చేతినుంచి ఉలి అందుకొని, రోడ్డుపక్క రేకుల షెడ్డులో నల్లరాతిని దేవతలుగా మార్చడంలో ఇరవయ్యేళ్ళు గడిపాడు. పనిలో ఆయనకు పేరుంది. మాటలో అంతకు మించిన పేరుంది. ఆయనకు తెలియని విషయం లేదు. కనీసం, తెలియదని ఆయన ఒప్పుకొన్న విషయం లేదు. బోరు ఎక్కడ వేయాలో, బస్సు ఎందుకు ఆలస్యమైందో, పక్కింటివారి గోడ ఎటు ఒరుగుతుందో అన్నీ ఆయన ముందే చెప్పేవాడు. గోడ ఒరగకపోతే అది గోడ తప్పు.

1998లో ఉగాదికి ముందు ఇంటికి వెల్ల వేయించాలని భార్య కమలాక్షమ్మ తొట్టిలో సున్నపురాళ్ళు పోసి నీళ్ళు కుమ్మరించింది. నీళ్ళు పడిన సున్నపురాయి కుతకుత ఉడుకుతుంది గనుక ఆమె ఎడంగా జరిగి నిలబడింది. షెడ్డునుంచి వచ్చిన ఆచారి మాత్రం తొట్టి దగ్గరికే వెళ్ళాడు.

"ఇదేం సున్నమే? ఉడుకుతాండాదా, నిద్రపోతాండాదా?"

"దూరంగా రా, చిట్లుతాది," అన్నది కమలాక్షమ్మ.

"నాకు చెప్తాండావా సున్నం సంగతి? ముప్పైయేండ్లుగా..." అంటూ ఆయన తొట్టిమీదికి వంగాడు. ముప్పైయేళ్ళుగా ఏమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. సున్నం ఎగిరి కుడికంట్లో పడింది.

ఆ క్షణంలో కావలసినవి నీళ్ళు. బిందెలకొద్దీ, ఆపకుండా, చాలాసేపు కంటిమీద పోయవలసిన నీళ్ళు. బావి పదడుగుల్లో ఉంది. కాని మన వీధుల్లో కష్టం వచ్చినవాని చుట్టూ నీళ్ళకంటె ముందు సలహాలు చేరతాయి. ఒకరు ఆముదం పోశారు. మరొకరు బాలింతను పిలిపించి చనుబాలు పిండించారు. ఇంకొకరు పసుపుగుడ్డ కట్టారు. ఆ మహానుభావుల పేర్లన్నీ ఇక్కడ వ్రాయవచ్చును గాని, వారి మనుమలు ఊళ్ళో గౌరవంగా బ్రతుకుతున్నారు. ఆచారి కుడికంటి నల్లగుడ్డుమీద తెల్లని పొర అల్లుకొన్నది. దానిమీద ఎర్రని నరాలు ప్రాకాయి. వెలుగు, చీకటి తప్ప మరేమీ తెలియని స్థితి వచ్చింది.

ఒంటికన్నుతో మనిషి నడవగలడు, తినగలడు, తగాదా పడగలడు. రాతిలో లోతు కొలవడం మాత్రం కష్టం. ఉలి తల అనుకొని ఆయన బొటనవేలిమీద సుత్తి వేసుకొన్నాడు. ఒక లక్ష్మీదేవికి ముక్కు ఒక పక్క తరిగి, ఆ తల్లి ఎవరిమీదనో అలిగినట్లు తయారైంది. అన్నిటికంటె పెద్ద దెబ్బ విగ్రహాల కండ్ల దగ్గర తగిలింది. విగ్రహం మొత్తం ఎవరు చెక్కినా, చివర తలస్నానం చేసి, ఉపవాసముండి, తెర కట్టుకొని దేవుని కండ్లు తెరవడం ఆ శాలలో పెద్ద శిల్పి హక్కు. ఆ పని ఇప్పుడు కమలాక్షమ్మ తమ్ముడు చిరంజీవికి పోయింది.

చిరంజీవి చెయ్యి మంచిది. నోరు మాత్రం బావమరిది నోరు.

"బావా, నువ్వు ఒళ్ళు చెక్కు, నేను చూపు ఇస్తా. ఇద్దరం కలిస్తేగాని ఒక దేవుడు కావడంల్యా," అనేవాడు తెర వెనుకనుంచి వస్తూ. ఆచారి ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాడు.

ఇట్లా నాలుగేళ్ళు గడిచాక, 2002 వేసవిలో కొలిమిగుండ్ల దగ్గరి ఒక పల్లెనుంచి రామాంజనేయులు అనే పెద్దరైతు వచ్చాడు. ఊళ్ళో కొత్త గుడి కడుతున్నారు; లక్ష్మీనరసింహస్వామి కావాలి; మాఘమాసంలో ప్రతిష్ఠ.

"ఒకటే మాట ఆచారీ," అన్నాడాయన. "మా ఊరి ఆంజనేయస్వామికి మీ నాయన కండ్లు తెరిచినాడు. నరసింహస్వామికి నువ్వే తెరవాల. ఇంకోరి చెయ్యంటే మా ఊరోళ్ళు గొణుగుతారు."

చిరంజీవి అక్కడే ఉన్నాడు. దగ్గి, సుత్తి ఎక్కడ పెట్టాడో వెతుక్కొంటూ వెళ్ళిపోయాడు. ఆచారి "అట్లనే" అన్నాడు. ఎట్లాగో ఆయనకు తెలియదు. తెలియదనడం అలవాటు లేదు.

నంద్యాలలో కంటి శిబిరం పెట్టినప్పుడు కమలాక్షమ్మ ఆయనను లాక్కొనిపోయింది. అక్కడి వైద్యుడు, ఇలాంటి కండ్లకు హైదరాబాదులో కొత్తగా ఒక చికిత్స చేస్తున్నారని చీటీ వ్రాసి పంపాడు. అక్కడి పెద్ద కంటి ఆసుపత్రిలో గీతాంజలి అనే వైద్యురాలు, వయసులో చిన్నది, ఓర్పులో పెద్దది, ఆయనను కూర్చోబెట్టి చెప్పింది.

"కంటిమీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుందండీ. అది రోజూ కొంచెం అరిగిపోతూ ఉంటుంది. నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ సరిహద్దులో మూలకణాలని ఉంటాయి. అరిగినదానికి బదులు కొత్త పొరను అవే పుట్టిస్తాయి. మీ కుడికంట్లో సున్నం ఆ సరిహద్దునే కాల్చేసింది. అందుకే తెల్లపొర లోపలికి వచ్చేసింది. ఇప్పుడు వేరేవారి అద్దం తెచ్చి అతికించినా నిలవదు."

"మరి ఏం చేస్తారు?"

"మీ ఎడమకంటి సరిహద్దునుంచి నువ్వుగింజలో సగమంత ముక్క తీస్తాము. ల్యాబులో దాన్ని పెంచి, పలచని పొరగా అల్లుకున్నాక కుడికంటిమీద పరుస్తాము."

ఉన్న ఒక్క కంటినీ గిల్లుతారనగానే ఆచారి చెయ్యి దానంతటదే ఎడమకంటిమీదికి పోయింది. అయినా ధైర్యం నటించి, "యాడ పెంచుతారు? మడి కడతారా?" అన్నాడు.

"మడిలాంటిదే. కణాలు ఊరికే పెరగవు కదండీ, పట్టుకోవడానికి ఒక ఆధారం కావాలి. కాన్పులో మావితోపాటు, బిడ్డను కప్పి ఉంచే పొర ఒకటి వస్తుంది. దాన్ని శుభ్రం చేసి వాడతాము. కంట్లో మంట తగ్గిస్తుంది, మచ్చ పడనివ్వదు. తరువాత దానంతటదే కరిగిపోతుంది."

ఆచారి చాలాసేపు మాట్లాడలేదు. కమలాక్షమ్మ ఆయన వంక ఆశ్చర్యంగా చూసింది; పెళ్ళయిన తరువాత అంత నిశ్శబ్దం ఆమె ఎరుగదు. చివరకు అడిగాడు:

"ఎవరి బిడ్డ?"

"అది మేము చెప్పకూడదండీ. నిబంధన."

"మగబిడ్డా, ఆడబిడ్డా?"

"అదీ చెప్పకూడదు."

"గోత్రమన్నా చెప్పు తల్లీ. పెండ్లికి సంబంధం చూసేటప్పుడు అడుగుతాం గదా, కంట్లో పెట్టుకునేదానికి అడగొద్దా?"

వైద్యురాలు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. పక్కన నిలబడిన నర్సు సలోమి మాత్రం ఆపుకోలేదు. ఆమెది నంద్యాల.

"ఆచారన్నా, ఆ తల్లి మనసారా ఇచ్చింది. ఆమె రక్తం రెండుతూర్లు పరీక్ష చేసినారు. ఆ పొరను మామూలుగా ఐతే గుంత తీసి పూడుస్తారు. నీకోసమని గడ్డకట్టించి దాచినారు. ఇంగేం కావాల నీకు, జాతకమా?"

"ఉంటే మంచిదే," అన్నాడు ఆచారి.

రెండు రోజులు ఆలోచించాడు. ఎడమకన్ను కూడా పోతే? పరాయి పురిటి వస్తువు దేవుణ్ణి చెక్కే కంట్లో పడితే? కమలాక్షమ్మ రెండు రోజులూ విన్నది. మూడో రోజు పొద్దున కాఫీగ్లాసు కింద పెట్టి, "ఉన్న కన్నుతో ఏం చూస్తాండావని? మా తమ్ముడు తెర వెనక పోతాంటే కుళ్ళుకునేదానికే గదా," అన్నది. ఆయన లేచి వెళ్ళి సంతకం పెట్టాడు.

ముక్క తీసిన తరువాత సుమారు రెండు వారాలు ఎదురుచూడటం. ఎడమకన్నుకు ఏమీ కాలేదు. ఆచారి ప్రతి పూటా సలోమిని పట్టుకొని "మొలిచిందా?" అని అడిగేవాడు. ఒకనాడు గీతాంజలి జాలిపడి, ల్యాబు అద్దం బయటినుంచి పొర పెంచే గిన్నె చూపించింది. అందులో ఆయనకు ఏమీ కనపడలేదు. ఏదో తడి మెరుపు తప్ప.

"ఏందీ, ఇదేనా? ఉల్లిపొర ఇంతకంటె లావుగుంటాది!"

"ఉల్లిపొర పెట్టమంటావా అన్నా? కండ్లలో నీళ్ళు గూడా వస్తాయి," అన్నది సలోమి.

శస్త్రచికిత్స బాగా జరిగింది. కుడికంటిమీది తెల్లపొరను జాగ్రత్తగా ఒలిచి, కొత్త పొరను దాని ఆధారంతో సహా పరిచి కుట్టారు. మర్నాడు పొద్దున సలోమి మందుచుక్కలు వేయడానికి వెళ్ళేసరికి, ఆచారి మంచాన్ని గోడవైపు జరుపుకొని, తన చెంబు, తన పళ్ళెం విడిగా పెట్టుకొని కూర్చున్నాడు.

"తాకొద్దు పాపా. పురిట్లో ఉండా."

"ఎవరు?"

"నేనే. బిడ్డ పొర మన కంట్లో చేరినాక ఆ బిడ్డ మనకు అయినట్టే గదా. అయినోళ్ళింట్లో కాన్పైతే మైల పట్టమా?"

సలోమి మందుసీసా మూత తీసింది. "చానా పురుళ్ళు చూసినా గానీ అన్నా, మీసాల బాలింతను ఇప్పుడే చూడ్డం. కన్ను తెరువు."

ఆయన వాదం తేలికైనది కాదు. మైల లెక్క బిడ్డ పుట్టిననాటినుంచా, కంట్లో పరిచిననాటినుంచా? పుట్టిన రోజు ఆసుపత్రివారు చెప్పరు. చెప్పినా, గడ్డకట్టించి దాచిన నెలలు లెక్కలోకి వస్తాయా? ఏ శాస్త్రంలోనూ మంచుపెట్టె ప్రసక్తి లేదు. శాస్త్రకారులు ముందుచూపు లేనివారని ఆచారి విచారించాడు.

కట్టు విప్పిన తరువాత మొదట వేళ్ళు కనపడ్డాయి. తరువాత వేళ్ళు ఎన్నో తెలిసింది. ఆ పిదప గోడమీది అక్షరాల పటంలో పెద్ద వరుసలు. శ్రావణంలో వెళ్ళినవాడు దుమ్ము తగలకూడదన్న నియమంతో కొన్ని నెలలు ఊరకుండి, కార్తీకానికి అద్దాలు పెట్టుకొని పని చేయవచ్చునని అనుమతి తెచ్చుకొన్నాడు. పటంలో కింది రెండు మూడు వరుసలు తప్ప అన్నీ చదివాడు. గీతాంజలి మురిసిపోయింది. ఆచారి మాత్రం ఆ పటంలో "న" వంకర అన్నాడు.

స్వామి విగ్రహం అప్పటికే మూడువంతులు అయివుంది. ఆచారి దగ్గరుండి జూలు, కోరలు, తొడమీది లక్ష్మీదేవిని పూర్తి చేయించాడు. కండ్లు మిగిలాయి. కండ్ల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పురుడు అడ్డం వచ్చింది.

"పొర కరిగిపోయిందన్నారు," అని భార్యతో అన్నాడు. "కరిగి నాలో కలిసిందనుకో, ఆ మైల నన్ను విడిచిపోదు. కరిగి పోయిందనుకో, అయినోళ్ళు పోయినట్టే. అది ఇంగో మైల."

"ఎట్ల తిప్పినా మైలేనా?"

"శాస్త్రం అట్లుండాది. నేనేం చేద్దును?"

ఈ సంగతి శాలకు పొక్కింది. మరునాడు చిరంజీవి కోమటి అంగటినుంచి బాలింతలు తినే కాయం పొట్లం తెచ్చి, బావ కూర్చునే పీటమీద పెట్టాడు. "వెల్లుల్లి గూడా తెస్తా బావా. చలిగాలికి బయట తిరగొద్దు. చెవుల్లో దూది పెట్టుకో." పనివాళ్ళు ఉలులు దించి నవ్వారు. ఆచారి ఆ పొట్లాన్ని తీసి బయట పారేయలేదు. అదే విచిత్రం. పూర్వపు ఆచారి అయితే చిరంజీవి తాతముత్తాతల పనితనం వరకూ వెళ్ళివచ్చేవాడు.

డిసెంబరులో రామాంజనేయులు వచ్చి, కండ్లులేని స్వామిని చూసి, పురుడు కథ అంతా విని, తువ్వాలతో ముఖం తుడుచుకొన్నాడు.

"మా ఊర్లో పందిళ్ళకు గూడా చెప్పేసినాం ఆచారీ. పండగ లోపల నీ మైల తెగకపోతే చిరంజీవి చేతే తెరిపిస్తాం. గొణిగేటోళ్ళను నేను చూసుకుంటా." ఆయన కోపంతో అనలేదు. అదే ఆచారికి ఎక్కువ తగిలింది.

క్రిస్మసు సెలవుకు నంద్యాల వచ్చిన సలోమి, కేకు పొట్లం పట్టుకొని ఆళ్ళగడ్డ బస్సు దిగింది. కన్ను ఎట్లా ఉందో చూసిపోదామని వచ్చింది. టార్చి వేసి చూసి తృప్తిపడింది. తరువాత షెడ్డులో గుడ్డ కప్పిన స్వామిని చూసి, సంగతి తెలుసుకొంది.

"ఇంగా పురుడేనా? అన్నా, ఆ బిడ్డ ఈపాటికి గోడ పట్టుకోని నడుస్తాంటాది. వాళ్ళమ్మే మైల మరిచిపోయుంటాది. నువ్వింగా మంచం దిగలేదా?"

ఆచారి నోరు తెరవబోయాడు. ఈలోగా కమలాక్షమ్మ చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అన్నది:

"మైలా గాదు, మన్నూ గాదు పాపా. భయం."

ఆచారి ముఖం మొదట ఎర్రబడింది. తరువాత ఆయన చేసిన పని ఆయన జీవితంలో అరుదైనది. ఒప్పుకొన్నాడు.

"మబ్బుగుంది పాపా. కుడికంట్లో ఇంగా పలచగా మబ్బుండాది. కండ్ల దగ్గర వెంట్రుకవాసి తప్పితే మళ్ళా అతికేదానికి ల్యా, అది రాయి. నాలుగేండ్లు కన్ను పోయిందని చెప్పుకున్నా, అందరూ అయ్యో అన్నారు. ఇప్పుడు తప్పితే ఏం చెప్పుకోవాల?"

సలోమి ఈసారి నవ్వలేదు.

"ఆ మబ్బు పోకపోవచ్చు అన్నా. డాక్టరమ్మ గూడా అంతా పోతాదని చెప్పలేదు. కానీ ఒకటి విను. ఆ బిడ్డ నీకు పరుపు పరిచి పోయింది, అంతే. దానిమీద మొలిచిందంతా నీ ఎడమకంటిదే. నీ సొంతమే. బాగొస్తే నీది, తప్పొస్తే నీది. ముక్కుపచ్చలారని బిడ్డ మీద నెట్టొద్దు."

ఆచారి లేచి లోపలికి పోయాడు. అలిగాడనుకొన్నారు. కాసేపటికి దూలం మీదినుంచి చిన్న ఉలులు దించుకొని, నూరడానికి కూర్చున్న చప్పుడు వినవచ్చింది.

మంచిరోజు చూసి, తలస్నానం చేసి, తెర కట్టించుకొన్నాడు. చిరంజీవి తెర బయట దీపం పట్టుకొని నిలబడ్డాడు. ఆ రోజు ఒక్క వెటకారపు మాట లేదు. ఉలి దెబ్బలు ఎంత తేలికగా పడ్డాయంటే, గోడమీద బల్లి చప్పుడు వాటికంటె పెద్దదిగా వినిపించింది. చాలాసేపటికి తెర తొలగింది. ఆచారి చొక్కా తడిసి ఒంటికి అంటుకొని ఉంది.

"ఎట్లుండాయి?" అని కమలాక్షమ్మను అడిగాడు.

ఆమె దగ్గరికి వచ్చి, దూరం పోయి, మళ్ళీ దగ్గరికి వచ్చింది. "కుడికన్ను రవ్వంత పెద్దది."

"నీకు తెలుసా? నీకేం తెలుసు?" అంటూ ఆయన దారం తీసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. దారాన్ని తప్పుపట్టడానికి వీలు కాలేదు. రాతికి చేర్చడం కుదరదు గనుక, తెర మళ్ళీ కట్టించి ఎడమకన్నునూ రవ్వంత పెంచాడు. రెండూ సమానమయ్యాయి. అయితే, ఉగ్రంగా ఉండవలసిన స్వామి ఇప్పుడు కండ్లు విప్పార్చి, ఎన్నడూ చూడనంత వింత ఏదో చూసినట్లున్నాడు.

బండి తోలుకొని వచ్చిన రామాంజనేయులు విగ్రహం చుట్టూ తిరిగాడు. "స్వామి ఏందప్పా, ఇంత ఆశ్చర్యపడతాండాడు?"

"రాక్షసుని పొట్ట చీల్చి ఇంగా చేతులు కడుక్కోలేదు. లక్ష్మీదేవి వచ్చి తొడమీద కూర్చుంది. ఆశ్చర్యపడడా?" అన్నాడు ఆచారి తడుముకోకుండా. అది శాస్త్రంలో ఎక్కడుందని అడిగే ధైర్యం రామాంజనేయులుకు లేకపోయింది. చిరంజీవి పక్కకు తిరిగి భుజాలు కదిలేలా నవ్వి, "కండ్లు బాగొచ్చినాయి బావా," అన్నాడు. ఆ మాటలో వెటకారం ఎంతో, నిజం ఎంతో ఆచారి తేల్చుకోలేదు. ఆ పూట మాత్రం రెండుసార్లు వడ్డించుకొన్నాడు.

ప్రతిష్ఠనాడు ఊరంతా గుడి ముందు చేరింది. హారతి వెలిగింది. జనంలో నిలబడిన ఆచారికి ఒక్కసారి తాను చేసిన పనిని కొత్త కంటితో, ఆ ఒక్క కంటితోనే చూడాలనిపించింది. ఎడమకంటిని అరచేత్తో మూసుకొని స్వామివైపు తలెత్తాడు. పక్కనున్నవారు అది చూశారు. విగ్రహం చేసినవాడే అట్లా చేస్తున్నాడంటే ఏదో విశేషం ఉండే ఉంటుందని వారూ ఎడమకన్ను మూసుకొన్నారు. వారిని చూసి వెనుకవరుస. చూస్తుండగానే గుడి ముందున్న జనమంతా, చంకలో పిల్లలతో సహా, ఒంటికంటితో దండం పెట్టారు. ఈ పద్ధతి ఏ ఆగమంలోనూ లేదని ఇక్కడ స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. కొందరు ఆచారినే అడిగారు. "పాతదే లేప్పా," అన్నాడట ఆ మహానుభావుడు.

కమలాక్షమ్మ ఒక్కతే చెయ్యి ఎత్తలేదు. ఆయన దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి, "కనపడతాండాడా?" అన్నది.

"కనపడతాండాడు," అన్నాడు చెన్నకేశవాచారి. ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఎడమ కనుబొమ్మ కొంచెం ఎత్తైంది. ఎవరికీ చెప్పొద్దు."